పిన్ని నన్ను అడగని రోజు

మా యోగా పిన్ని పోయిందని గత మంగళవారం పొద్దున్న ఫోన్ వచ్చింది. సిద్ధగోరా హాస్టల్లో నాతోపాటు పెరిగిన స్నేహితురాలు చేసింది. "మౌసీ నహీ రహీ, గౌరీ," పిన్ని ఇక లేదని హిందీలో చెప్పి ఏడ్చేసింది. పూజకి పూలు కోస్తూ కోస్తూ కూలబడిపోయిందట. నేను టాటానగర్ పక్కన ఆదిత్యపూర్‌లో ఆటో కోసం నిలబడి ఉన్నాను. ఆటో వచ్చింది. ఎక్కాను, దిగాల్సిన చోట దిగాను, పిల్లలకి క్లాసు చెప్పాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాతో అనాల్సిన మాట ఒకటి ఆవిడ అనకుండానే వెళ్ళిపోయింది.

ఇక్కడి తెలుగువాళ్ళు వేస్తున్న చిన్న సంచికకి ఆవిడ గురించి రాయమని అడిగారు. "ఆవిడ దగ్గర నేర్చుకున్నదానివి నువ్వే కదమ్మా, నాలుగు మంచి ముక్కలు రాయి," అన్నారు. మంచి ముక్కలు నా దగ్గర చాలానే ఉన్నాయి. అవి రాసి ఊరుకుంటే నాకే అబద్ధంలా అనిపిస్తుంది. అందుకని రెండో వైపు కూడా రాస్తున్నాను. చదివేవాళ్ళు మన్నించాలి.

ఆ హాస్టల్‌కి వచ్చేటప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. మా నాన్న టాటానగర్‌లో రైల్వే ఉద్యోగి. అమ్మ చనిపోయిన ఏడాది నుంచి నన్ను బెల్టుతో కొట్టడం మొదలుపెట్టాడు. ఒకరోజు పక్క క్వార్టర్ ఆవిడ నా చెయ్యి పట్టుకుని నేరుగా పోలీసుల దగ్గరికి తీసుకెళ్ళింది. వాళ్ళు హాస్టల్లో చేర్పించారు. నేను సరేనంటే తప్ప నాన్న నన్ను కలవకూడదని కోర్టువాళ్ళు కాగితం మీద రాసిచ్చారు. అక్కడున్న ఆడపిల్లలందరిదీ ఏదో ఒక ఇలాంటి కథే. ఒకరి కథ ఇంకొకరు అడిగేవాళ్ళం కాదు.

పిన్ని శనివారాలు వచ్చేది. శ్రీకాకుళం వైపు మనిషి. ఆవిడ భర్త లారీల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, టెల్కో కాలనీలో క్వార్టర్. మొదట్లో కాలనీ ఆడవాళ్ళకి ఒళ్ళు తగ్గడానికి యోగా నేర్పేదట. తర్వాత ఎక్కడికో వెళ్ళి, దెబ్బలు తిని భయపడిపోయిన పిల్లలకి ఎలా నేర్పాలో నేర్చుకుని వచ్చింది. హాస్టల్ పిల్లలందరికీ ఆవిడ మౌసీ. నా ఒక్కదానికే పిన్ని, ఎందుకంటే ఆ కాంపౌండ్ మొత్తంలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

మొదటి రోజు నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను, కదల్లేదు. ఆవిడ దూరంగానే నిలబడి అడిగింది.

"ఏటమ్మా, సెయ్యాలని నేదా?"

తల అడ్డంగా ఊపాను.

"అయితే కూకో. సూడాలనిపిత్తే సూడు, నేదంటే కిటికీ బైటికి సూడు. నీ ఇష్టం."

అప్పటికి చాలా కాలంగా 'నీ ఇష్టం' అన్న మాట నాతో ఎవరూ అనలేదు. రెండు శనివారాలు కిటికీ బయటికే చూశాను. మూడో శనివారం దుప్పటి పరుచుకున్నాను.

ఆవిడ పద్ధతులు చూస్తే వింతగా ఉండేవి. క్లాసు జరుగుతున్నంతసేపూ తలుపు తీసే ఉండాలి. ఎవరి వెనకా నిలబడేది కాదు. చేతినిండా గాజులు వేసుకుని వచ్చేది, అటు తిరిగి ఉన్న పిల్లలకి తను ఎక్కడ ఉందో వినిపించాలని. నడుస్తున్నప్పుడు కూడా "ఇప్పుడు నేను కిటికీ వైపు వెళ్తున్నా" అని హిందీలో చెప్పి నడిచేది. శవాసనం అనే మాట మా క్లాసులో ఎప్పుడూ వినపడలేదు. "పడుకోండి" అనేది, అంతే. కళ్ళు మూసుకోమని ఏనాడూ అనలేదు. భుజం సరిచేయాలన్నా "ముట్టుకోవచ్చా?" అని అడిగి, మేం వద్దంటే చెయ్యి వెనక్కి తీసుకునేది. "అడగకుండా ఎవులి ఒంటి మీదా సెయ్యి ఎయ్యకూడదు, ఆకరికి డాట్రైనా సరే," అనేది నాతో. వంగి కాలివేళ్ళు పట్టుకోవడం మాకు నేర్పింది గానీ తన పొట్ట అడ్డం వచ్చి తనకి ఎప్పుడూ అందలేదు. మేం నవ్వితే మాకన్నా గట్టిగా నవ్వేది. క్లాసు అయ్యాక ఫ్లాస్కులోంచి అల్లం టీ, సంచిలోంచి మరమరాలు.

ఊపిరి అందనప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనించి, ఆ నేల చల్లగా ఉందో వెచ్చగా ఉందో చూసుకోమని నేర్పింది. ఈ రోజుకీ నేను అదే చేస్తాను. నా పిల్లలకీ అదే నేర్పుతాను. అది ఆవిడ పెట్టిన భిక్ష, కాదనను.

ఒక శనివారం అందరూ వెళ్ళాక వరండాలో కూర్చుని నేనే చెప్పాను, కళ్ళు మూసుకుంటే నాకు బెల్టు బకిల్ చప్పుడు వినిపిస్తుందని. అందుకే మొహానికి సబ్బు రాసుకున్నప్పుడు కూడా ఒక కన్ను తెరిచే ఉంచుతానని. ఆ మాట కోర్టువాళ్ళకి కూడా చెప్పలేదు. "ఎవరికీ చెప్పకు పిన్నీ," అన్నాను.

"నానెవులికి సెప్తానే తల్లీ," అంది.

మరుసటి ఏడు, నా పదో తరగతి పరీక్షలకి నెల ముందు, ఆదివారం భోజనానికి రమ్మంది. వార్డెన్‌ని అడిగి తనే వచ్చి తీసుకెళ్ళింది. బస్సులో దారంతా చేపల పులుసు సంగతే చెప్పింది. వాళ్ళింట్లోకి అడుగుపెట్టగానే కుర్చీలో మా నాన్న కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

వెనక్కి తిరిగాను. పిన్ని తలుపు మూసి గడియ వేస్తోంది.

"కంగారు పడకు. ఒక్కపాలి మాట్టాడు. మనిసి మారిపోనాడు," అంది.

నాన్న లేచి రెండడుగులు ముందుకు వేశాడు. ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. "గౌరీ, కళ్ళు మూసుకోడానికి కూడా భయపడతన్నావంట గదే. సబ్బు రాసుకున్నా ఒక కన్ను తెరిసే ఉంచుతావంట. పిన్నిగోరు సెప్పినారు," అన్నాడు.

నాన్న అక్కడ ఉండటం కన్నా ఆ మాట ఆయన నోట్లోంచి రావడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. నేను పిన్ని మొహంలోకి చూశాను. ఆవిడ చూపు తిప్పుకోలేదు. ఇంకేం, అంతా బాగైపోతుంది అన్నట్టు నవ్వుతోంది.

వంటింట్లోంచి పెరటి తలుపు తీసుకుని పరిగెత్తాను. చెప్పులు అక్కడే ఉండిపోయాయి. రోడ్డు మీదికి వచ్చి దొరికిన బస్సెక్కి హాస్టల్‌కి వచ్చేశాను.

వార్డెన్ అడిగితే కడుపునొప్పి అని చెప్పాను. జరిగింది చెబితే పిన్నిని మళ్ళీ గేటు లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. మా గదిలో ఒక పిల్ల ఉండేది, వారంలో ఆ యోగా గంటసేపే మనుషుల్లో కలిసేది. దాని మొహం చూసి నోరు మూసుకున్నాను. ఆ తర్వాత శనివారాలు క్లాసు లోపల జరిగేది, నేను మెట్ల మీద కూర్చుని గాజుల చప్పుడు వినేదాన్ని. ఆ ఏడు పరీక్షలు రాయలేకపోయాను. పుస్తకం తెరిస్తే అక్షరాలు నిలబడేవి కాదు.

నెల తర్వాత ఆవిడ మెట్ల దగ్గరికి వచ్చింది.

"మీ నాన్న గుడి దగ్గర నన్ను పట్టుకుని, మన ఊరి మాటల్లో ఏడిసినాడే. ఈ హిందీవోళ్ళ ఊర్లో మనోడు అలగ ఏడుత్తుంటే నానెలగ ఊరుకుంటాను? మా అయ్య పోయినప్పుడు నాను ఆయనతోని మాటల్నేకుండా ఉన్నాను. ఆ బాద నీకు ఉండకూడదనుకున్నాను."

"ఆయన నీ అయ్య, పిన్నీ. ఈయన మా నాన్న," అన్నాను.

"నీ మంచికే సేసినాను గదా."

"ఆ హిందీ పిల్లల్లో ఎవరికైనా ఇలా చేసేదానివా?"

ఆవిడ గాజులు పైకి తోసుకుంది. చేసేది కాదు. మిగతా పిల్లల దగ్గర ఆవిడ టీచరు, నా దగ్గర మాత్రం మన మనిషి. మన మనిషి కాబట్టే నేను అంతా చెప్పుకున్నాను. మన మనిషి కాబట్టే ఆవిడకి నన్ను అడగాలని తోచలేదు. 'తప్పు చేశాను' అన్న ఒక్క మాట కోసం ఆ రోజు చూశాను. రాలేదు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని క్లాసులోకి వెళ్ళిపోయింది.

ఏడాది ఆలస్యంగా పరీక్షలు రాశాను. చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, ఈ యోగా పద్ధతి వేరేవాళ్ళ దగ్గర మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను. ఇప్పుడు ఆదిత్యపూర్‌లో ఒక పాత షెడ్డులో, ఇళ్ళు వదిలి వచ్చిన ఆడపిల్లలకి చెబుతున్నాను. వాళ్ళు నాతో చెప్పింది ఇంకొకరికి చెప్పేముందు వాళ్ళనే అడుగుతాను. కొన్నిసార్లు వద్దంటారు. చెబితేనే మేలని నాకు గట్టిగా అనిపిస్తున్నప్పుడు నోరు మూసుకోవడం ఎంత కష్టమో నాకు తెలిసింది. తెలిసిన కొద్దీ ఆవిడ కొంచెం అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గలేదు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆవిడ ఆ షెడ్డుకి వచ్చింది. భర్త రిటైరయ్యాక వాళ్ళు ఆదిత్యపూర్‌లోనే ఫ్లాటు తీసుకున్నారని నాకు తెలుసు. పదకొండేళ్ళ తర్వాత చూడటం. జుట్టు తెల్లబడింది, మనిషి సగమైంది. గుమ్మం బయట చెప్పులు విప్పి, లోపల పడుకుని ఉన్న పిల్లల్ని చూసి గొంతు తగ్గించింది.

"నువ్వు సెప్పడం సూడాలని వచ్చినాను. వెనకాల కూకుంటాను. రావచ్చా?"

"వద్దు పిన్నీ," అన్నాను.

"సరే తల్లీ," అంది.

చెప్పులు మళ్ళీ వేసుకోవడం ఆవిడకి కష్టమైంది. పట్టీ చేతికి అందడం లేదు. ఒక చెయ్యి గోడకి ఆనించి, వంగి, రెండుసార్లు తప్పి, మూడోసారి పెట్టుకుంది. నేను రెండడుగుల దూరంలో నిలబడి చూశాను, చెయ్యి అందించలేదు. గోడకి కొత్తగా సున్నం వేయించాం. లేచేటప్పటికి ఆవిడ అరచెయ్యంతా తెల్లగా అయింది. చీరకి తుడుచుకోలేదు. ఆ చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని, రెండో చేత్తో గొడుగు తెరుచుకుని, ఎండలో మెల్లగా రోడ్డు వైపు నడిచి వెళ్ళింది.