పదహారు ముక్కల ఉగాది

మా క్రాఫ్టు టీచరమ్మ పోయింది. పులివెందుల నుంచి మా క్లాసుమేటు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను పప్పుకు తిరగమాత వేస్తున్నాను. "నిద్రలోనే పోయిందంటమే. ఏం బాధ పడలేదంట," అంది. స్టవ్ ఆపేసి వంటింట్లోనే కింద కూర్చున్నాను. ఎనభై దాటిన మనిషి, నిండుగా బతికింది, నిజమే. అయినా ఏడుపు ఆగలేదు.

ఆమె ఎవరో మీకు చెప్పాలి. జమ్మలమడుగులో ఆడపిల్లల బడిలో మాకు కుట్లు, అల్లికలు, బొమ్మలు నేర్పింది. మా క్లాసులో పదహారు మందిమి. చదువులయ్యాక ఒక్కొక్కరం ఒక్కో ఊరికి కోడళ్లమై పోయాం. ప్రతి ఉగాదికీ ఆమె పదహారు గ్రీటింగు కార్డులు తన చేత్తో చేసి పోస్టులో పంపేది. కవరు మీద మా మొగుళ్ల పేర్లు ఉండవు. మా పేరు, వీధి, ఊరు, అంతే.

పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చిన మొదటి ఉగాదికి ఏం జరిగిందో వింటే నవ్వుతారు. మాది బంగారం అంగడి ఇల్లు. అత్తగారింట్లో నన్నెవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. అందరికీ నేను "జమ్మలమడుగామె"ని. పోస్టుమాను వాకిట్లో నిలబడి నా పేరు కేకేస్తే మా అత్త బయటికి పోయి, "ఆ పేరు గలోళ్లు ఈడ ఎవురూ లేరప్పా, పక్క సందులో అడుగు పో," అని పంపించేసింది! నేను పెరట్లో బట్టలు పిండుతున్నాను. అయ్యో, ఆ పేరు నాదే కదా అని తట్టేసరికి సైకిలు వీధి మలుపు దాకా పోయింది. తడిచేతులతో పరిగెత్తాను. కొత్త కోడలు పోస్టుమాను వెంట పడడం సందంతా చూసింది. మా అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆ కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి, "నీ పేరు బాగుండాదే," అంది.

ఈ సంగతి చెబితే టీచరమ్మ పడీ పడీ నవ్వింది. "ఏడాదికి ఒక్కతూరన్నా మీ వాకిట్లో ఎవురో ఒకరు మీ పేరు పెట్టి పిలవల్ల. దానికే పంపుతాండా. బొమ్మదేముందిలే, ఎట్లున్నా ఫర్వాలేదు," అంది.

అబ్బో, ఎట్లున్నా ఫర్వాలేదట! ఆమె పని చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. మొదట లేత పసుపు రంగు పూసేది. అది ఆరాక గోనెసంచి ముక్కను ఎర్రరంగులో అద్ది, చపాతీ కర్రతో ఒత్తేది. గోనె నేత పసుపు మీద సన్నని గళ్లుగా పడేది. దాని మీద ఆకుపచ్చతో వేపాకుల అచ్చులు. ఒక పొర పూర్తిగా ఆరకుండా ఇంకోటి వేయనిచ్చేది కాదు. ఆరిందో లేదో వేలితో చూస్తే ఒప్పుకునేది కాదు, చెంప ఆనించి చూడమనేది. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. నాకేమో ఓపిక తక్కువ. అందుకే బడిలో నా పేరు "రైలుబండి" అయింది.

ఈ ఏడు మాఘమాసంలో పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. ఉగాది ఇంకో ఐదు రోజులుందనగా ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "చెయ్యి పోయిందని ఏడవలేదమ్మా. ఈ తూరి పిల్లోళ్లకు కార్డులు పోవేమోనని ఏడుస్తాంది," అంది. పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కాను. పోస్టులో పడడానికి రెండు రోజులే టైముంది.

టీచరమ్మ మంచం పక్కన చాప మీద ఒక పెద్ద డ్రాయింగు షీటు పరిచి ఉంది. పసుపు పొర చెయ్యి పడిపోకముందే ఆమె పూసి పెట్టుకుందట. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నేళ్లూ ఆమె కార్డులు ఒక్కొక్కటిగా చేయలేదని. ఒకే షీటు మీద పొరలన్నీ వేసి, చివర్లో పదహారు ముక్కలుగా కోసేదట. నేను గోనె అద్దాను. వేలితో తాకి చూశాను, ఆరిందిలే అనుకున్నాను. వేపాకులు అద్దేశాను. ఎరుపులో ఆకుపచ్చ కలిసి, షీటు నడిమధ్యన బురదరంగు మరక ఇంత మేర పాకింది.

"అంతా చెడగొడితి టీచరమ్మా," అని మంచం పట్టె పట్టుకుని ఏడ్చాను. ఇంకో షీటు తెచ్చి మళ్లీ మొదలుపెడితే పండగకు అందదు.

"ఏమే రైలుబండీ, ముప్పై ఏళ్లయినా మారకపోతివే!" అని వంకరపోయిన నోటితోనే నవ్వింది. "కప్పెట్టగాకు. ఆరినాక దాని మీద తెలుపుతో వేపపూలు అద్దు. కింద మరక రోంత కనపడల్ల, అప్పుడే పూలు తెలుస్తాయి."

గంట గంటకూ షీటు ఎత్తి ఆమె చెంప దగ్గరికి పట్టుకుపోయాను. కళ్లు మూసుకుని చెంప ఆనించేది. "ఇంకా సల్లగుండాది. గమ్మునుండు," అనేది. సాయంత్రానికి, "ఇప్పుడు పెట్టు," అంది. అగ్గిపుల్లకు దూది చుట్టి ఒక్కో చుక్కా పెట్టాను. నా జన్మలో అంత నెమ్మదిగా ఏ పనీ చేయలేదు. మర్నాడు షీటు కోశాను. కవర్ల మీద పేర్లు నేను రాస్తానంటే, "నీ పేరు నువ్వే రాసుకుంటావా?" అని కసిరి, ఎడమచేత్తో పదహారూ తనే రాసింది. పండగ ముందురోజుకల్లా అందరి వాకిళ్లలోనూ కేక వినబడింది. ఆ తర్వాత నెల తిరక్కుండానే ఆమె పోయింది.

దినాల నాడు ఈ ఏటి కార్డు తీసుకుని రమ్మని అందరికీ చెప్పాను. ఎందుకో చెప్పలేదు. పదిహేను మందిమి వచ్చాం. మైదుకూరుదానికి కాలు విరిగి కట్టు కట్టారు. కార్డిచ్చి మొగుణ్ణి పంపింది. అమ్మమ్మలైన వాళ్లం కూడా ఒకరినొకరం పేర్లు పెట్టి అరుచుకుంటుంటే చుట్టాలు వింతగా చూశారు.

భోజనాలయ్యాక ఆమె చాప మీదే కార్డులు పేర్చాం. పులివెందులదాని కార్డులో తెగిన వేపరెమ్మ వల్లూరుదాని కార్డులోకి పోయి పూర్తయింది. నా బురద మరక నలుగురి ముక్కల మీదుగా పాకి ఉంది, దాని నిండా తెల్లటి పూలు. పదహారూ కలిసి షీటు నిండిపోయింది. ఇన్నేళ్లలో ఆమె తన కోసం ఒక్క ముక్క కూడా ఉంచుకోలేదని మాకు అప్పుడు తట్టింది. పైన ఫ్యాను గాలికి కార్డుల అంచులు లేస్తున్నాయి. పదిహేను మందిమి, ఒక మొగుడు, ఒకరి భుజం మీదుగా ఒకరం వంగి, ఎవరి ముక్క మీద వాళ్లం అరచెయ్యి ఆనించి అలాగే కూర్చున్నాం.