సరళ గారి కోసం వేసిన ప్రయాణం

2023 ఫిబ్రవరి. కెనడాలో టొరంటో పక్కనున్న రిచ్‌మండ్ హిల్‌లో, ఒక ప్లాజాలో, పళ్ల డాక్టరు క్లినిక్‌కీ ఇండియన్ కిరాణా షాపుకీ మధ్య ఉన్న చిన్న ట్రావెల్ ఏజెన్సీలో నేను అప్పటికి చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో ఎక్కువమంది ఇండియా టికెట్ల కోసమే వస్తారు. హైదరాబాద్‌కి ఏ దారిన వెళ్తే సామాను ఎక్కువ తీసుకెళ్లనిస్తారు, పెద్దవాళ్లకు వీల్‌చెయిర్ ఎక్కడ ఇస్తారు, ఇవే ప్రశ్నలు. యూరప్ అని అడిగేవాళ్లు అరుదు. అడిగితే ఆ పని నేను ఇష్టంగా తీసుకునేదాన్ని.

ఒక శనివారం ప్రభుదాస్ గారు, ఆయన భార్య సరళ గారు వచ్చారు. నరసాపురం దగ్గరివాళ్లు, కెనడా వచ్చి చాలాకాలమైంది. ఆయన టొరంటోలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. ఆవిడ వృద్ధుల కేంద్రంలో నర్సు. పిల్లలు లేరు. ఆఫీసు లోపల వెచ్చగానే ఉన్నా ఆవిడ కోటు విప్పలేదు, తల మీది ఊలు టోపీ కూడా తీయలేదు.

"మే నెలలో ఒక వారం అండీ. జర్మనీ, స్విట్జర్లాండ్. పాత ఊళ్లు, కొండలు, సరస్సులు, అన్నీ ఉండాలి" అన్నారు ఆయన. ఆ తర్వాత అదే గొంతుతో, "ఈవిడకి క్లోమంలో క్యాన్సర్. కీమో నడుస్తోంది. మేలో కొంచెం గ్యాప్ ఇవ్వొచ్చన్నారు డాక్టర్లు" అన్నారు.

నేను సరళ గారి వైపు చూశాను. ఆవిడ నా వెనక గోడకున్న క్యాలెండర్ చూస్తున్నారు.

పని మొదలుపెట్టాను. ఏ రోజు ఏ ఊరు, ఎక్కడ నిద్ర, ఏ రైలు అనేది వరసగా వేసిన పట్టికను మేం ఐటినరరీ అంటాం. టికెట్ ఓపెన్-జా పద్ధతిలో తీసుకుందామన్నాను. అంటే ఒక ఊళ్లో దిగి మరో ఊరి నుంచి తిరిగి రావడం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగితే హైడెల్‌బర్గ్, అక్కణ్ణించి ఫ్రైబర్గ్, బ్లాక్ ఫారెస్ట్ అడవుల్లో ఉన్న టిటిజే సరస్సు, తర్వాత బాసెల్‌లో రైలు మారి లూసర్న్, లూసర్న్ నుంచి జలపాతాల లోయ లౌటర్‌బ్రునెన్, పైన మంచు శిఖరాలు. చివరికి జ్యూరిక్‌లో విమానం. వెళ్లిన దారినే వెనక్కి రానక్కర్లేదు.

ప్రభుదాస్ గారు ప్రతి ఊరి ఫొటోనూ భార్యకు చూపిస్తూ, "ఇది చూడు సరళా, ఇది చూడు" అంటున్నారు. ఆవిడ తల ఊపుతున్నారు. వెళ్లేముందు నన్ను ఒక్కటే అడిగారు.

"రైలు మారేచోట మెట్లుంటాయా అమ్మా?"

"లిఫ్ట్ ఉంటుందండీ. నేను చూసి చెప్తాను."

ఆ తర్వాత ఆయన దాదాపు ప్రతి వారం వచ్చేవారు, లేదంటే ఫోన్ చేసేవారు. వచ్చిన ప్రతిసారీ ఆ ప్రయాణంలో ఏదో ఒకటి పోయేది. ఎత్తుకి వెళ్తే ఊపిరికి ఇబ్బందని డాక్టరు చెప్పడంతో మొదట మంచు శిఖరం మీదికి వెళ్లే రైలు తీసేశాం. హైడెల్‌బర్గ్‌లో కోటకి నడక వద్దన్నాం. రాళ్లు పరిచిన వీధుల్లో వీల్‌చెయిర్ సరిగ్గా నడవదని తర్వాత ఆ ఊరే వదిలేశాం. ఏప్రిల్ వచ్చేసరికి ఫ్రైబర్గ్, టిటిజే, లౌటర్‌బ్రునెన్ కూడా పోయి, లూసర్న్ సరస్సు ఒడ్డున ఒక హోటల్ మిగిలింది. రోజూ కిటికీ దగ్గర కూర్చోవడం, ఓపిక ఉంటే పడవ ఎక్కడం. నేను ఒక్కో ఊరు కొట్టేస్తుంటే ఆయన, "పర్లేదండీ, అది నెక్స్ట్ టైం చూస్తాం" అనేవారు. నేను పట్టికలో మిగిలిన తేదీలు సర్దుతూ ఉండేదాన్ని.

ఏప్రిల్ మధ్యలో ఒక మధ్యాహ్నం సరళ గారు ఒక్కరే ఫోన్ చేశారు. కీమో ఎక్కించుకుంటున్న గదిలోంచి మాట్లాడుతున్నారు. గొంతు బాగా పల్చబడిపోయింది.

"మాధవీ, నువ్వు నాకంటే చిన్నదానివి, పేరు పెట్టి పిలవనా?"

"పిలవండి ఆంటీ."

"నాకు స్విట్జర్లాండ్ వెళ్లాలని లేదమ్మా."

తెరమీద తెరిచి ఉన్న లూసర్న్ హోటల్ పేజీ మూసేశాను.

"పెళ్లైన కొత్తలో ఎప్పుడో అడిగాను. ఆయన అది పట్టుకున్నారు. నాకు మాంట్రియల్ వెళ్లాలనుంది. మా చెల్లి విమల అక్కడ ఉంటుంది. జనవరిలో ఐస్ మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. రాడ్ వేశారు. లిఫ్ట్ లేని బిల్డింగ్ దానిది, కిందికి దిగలేదు. అమ్మ పోయినప్పుడు అది ఇంకా బడికి కూడా వెళ్లట్లేదు. నేనే పెంచాను."

"ఫోన్‌లో మాట్లాడుతున్నారా?"

"రోజూ. కానీ ఫోన్‌లో దాని తల దువ్వలేను కదా" అన్నారు. "నాకు తెలుసమ్మా, నర్సుని. ఎంత టైముందో తెలుసు. దాని పక్కన రెండు రోజులు పడుకోవాలని ఉంది. అంతే" అన్నారు.

"అంకుల్‌కి చెప్పండి ఆంటీ."

"ఒకసారి చెప్పాను. వినలేదు. మళ్లీ చెప్పే ఓపిక లేదు. ఆయన ఆ హోటల్ ఫొటోలు చూసుకుంటూనే నిద్రపోతున్నారమ్మా. అది లాక్కుంటే మనిషి ఏమైపోతారో. నేను చెప్పానని మాత్రం చెప్పకు."

చెప్పనని ఆవిడకి మాటిచ్చాను. ఆ మాట తప్పకుండా నా పని పరిధిలో చేయగలిగింది చేశాను. మర్నాడే ప్రభుదాస్ గారిని పిలిచి ఇన్సూరెన్స్ సంగతి చెప్పాను. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్టెబిలిటీ పీరియడ్ అని ఒక షరతు ఉంటుంది. ప్రయాణానికి ముందు కొన్ని నెలలపాటు జబ్బులో గానీ, మందుల్లో గానీ మార్పు ఉండకూడదు. సరళ గారికి మందులు మారుతూనే ఉన్నాయి. అక్కడ ఆసుపత్రిలో చేరితే ఈ జబ్బుకి ఏ కంపెనీ కవర్ ఇవ్వదు. ఇది ఆయన్ని ఆపడానికి కల్పించింది కాదు. నిజంగానే ఉన్న అడ్డంకి.

"నేను చూసుకుంటానండీ" అన్నారాయన.

"విమానంలో అంతసేపు కూర్చోవడం కూడా కష్టమే అంకుల్. దగ్గర్లో ఎక్కడికైనా వెళ్తే? మాంట్రియల్ అయితే ఒకటే రైలు, మారక్కర్లేదు. ఆంటీకి అక్కడ చెల్లెలు ఉన్నారని విన్నాను."

ఎక్కడ విన్నానని ఆయన అడగలేదు.

"మాంట్రియల్ ఎక్కడికి పోతుంది మాధవి గారూ. జూన్‌లో వెళ్తాం."

లూసర్న్ హోటల్ గదిని ఖాయం చేయమన్నారు. చేశాను.

ప్రయాణానికి ముందు వారంలో సరళ గారికి పొట్టలో నీరు చేరింది. ఆసుపత్రిలో చేర్చారు. అక్కణ్ణించి పాలియేటివ్ వార్డుకి మార్చారు. జబ్బుకి మందిచ్చే వార్డు కాదది, నొప్పి తెలియకుండా చూసుకునేది. ఆయన నాకు ఫోన్ చేసి, "డేట్స్ తర్వాతికి జరపగలమా?" అని అడిగారు. జరపగలనన్నాను. నిజంగానే జరిపాను కూడా. అంతకంటే నేను చేయగలిగింది ఏదీ కనిపించలేదు.

విమల గారిని ఎవరో చర్చివాళ్లు మెట్ల మీంచి మోసి దింపి, కారులో పడుకోబెట్టి తీసుకొచ్చారని తర్వాత తెలిసింది. ఆవిడ వీల్‌చెయిర్‌లో వార్డులోకి వచ్చేసరికి సరళ గారికి తెలివి లేదు. మళ్లీ రాలేదు. చెల్లెలు మంచం పక్కన కూర్చుని ఆవిడ పోయేదాకా చెయ్యి పట్టుకునే ఉందట. కీమో తర్వాత అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు మీద చెయ్యేసి నిమురుతూ ఉండిపోయిందట.

జూన్‌లో ప్రభుదాస్ గారు మా ఆఫీసుకి వచ్చారు. గడ్డం పెరిగింది. చొక్కా బొత్తాలు తప్పు కాజాల్లో పెట్టుకున్నారు. మాంట్రియల్‌కి రెండు రైలు టికెట్లు కావాలన్నారు.

"విమలని దింపి వస్తాను. బయట కారులో ఉంది. నాతో మాట్లాడట్లేదు."

కిటికీలోంచి చూశాను. కారు ముందు సీట్లో ఒక స్త్రీ ప్లాజా గోడ వైపు చూస్తూ కూర్చుని ఉంది. ఊతకర్రలు ఒళ్లో అడ్డంగా ఉన్నాయి.

టికెట్లు తీసి ఇచ్చాక కూడా ఆయన లేవలేదు.

"సరళ మీకు ఫోన్ చేసింది కదా?"

"చేశారండీ."

"ఏమంది?"

చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఆవిడ చెప్పొద్దన్నారు. కానీ ఆవిడ కాపాడాలనుకున్న మనిషి నా ముందు అప్పటికే కూలిపోయి ఉన్నారు. అబద్ధం చెబితే ఆయన నమ్మరని కూడా తెలుస్తోంది.

"చెల్లెలి దగ్గరికి వెళ్లాలన్నారండీ."

ఆయన తల ఊపారు. కొత్త సంగతి విన్నట్టు లేదు.

"నాతోనూ అంది. విననట్టు ఊరుకున్నాను. విమలని చూసేస్తే ఇంక చూడాల్సింది ఏమీ లేదు అనుకుంటుందేమో, వదిలేస్తుందేమో అని భయమేసిందండీ. ముందుముందు చూడాల్సింది ఏదో ఒకటి ఉందంటే అది చూసేదాకా ఉంటుంది కదా అనుకున్నాను." బల్ల మీది టికెట్లు తీసుకుంటూ, "ఉండలేదు" అన్నారు.

ఆయన టికెట్లు జేబులో పెట్టుకుని కారు దగ్గరికి వెళ్లారు. ఆవిడ వైపు తలుపు తీసి సీటు బెల్టు సరిచేయబోతే, ఆవిడ ఆయన చెయ్యి పక్కకి తోసి తనే పెట్టుకున్నారు. ఆ తర్వాత వాళ్లిద్దరినీ నేను చూడలేదు.

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్లకి నేను ఒక పద్ధతి నేర్పిస్తున్నాను. జబ్బు మనిషిని తీసుకెళ్తామని ఎవరొచ్చినా, ఆ మనిషితో విడిగా మాట్లాడాకే ఐటినరరీ మొదలుపెట్టమంటాను. ఇంటివాళ్లు కొందరు కోప్పడతారు. కోప్పడినా ఫర్వాలేదంటాను. అయితే ఆ పద్ధతి మీద నాకు పెద్ద నమ్మకమేమీ లేదు. సరళ గారు నాతో విడిగానే మాట్లాడారు. ఏం కావాలో స్పష్టంగానే చెప్పారు. దానివల్ల ఏదీ మారలేదు. ఒక్కోసారి మనుషులు ఒకచోటికి వెళ్లడానికి కాక, ఇంకోచోటికి వెళ్లకుండా తప్పించుకోవడానికి మా దగ్గర టికెట్లు కొంటారని మాత్రం నాకు అప్పుడు అర్థమైంది. అంత భయంలో ఉన్న మనిషికి రైళ్ల గురించీ, ఇన్సూరెన్స్ గురించీ ఎంత చెప్పినా ఎక్కదు.

ప్రభుదాస్ గారి కోసం మొదట వేసిన ఆ వారం, ఇన్నేళ్లలో నేను వేసిన వాటన్నిటిలోకీ చక్కటిది. ఏ రైలూ తప్పదు. ప్రతి స్టేషన్‌లో లిఫ్ట్ ఉంది. ఏ రోజూ తొందర లేదు. అందులో ఉన్న ఏ ఊరికీ ఆవిడకి వెళ్లాలని లేదు.