పాసింజరు బండిలో సార్ పంచిన వంతులు

మా సార్ పోయారని తెనాలి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను క్లాసులో ఆయన దగ్గర నేర్చుకున్న పాఠమే చెబుతున్నాను. ఫోన్ పెట్టేసి, మళ్ళీ బోర్డు వైపు తిరిగి, మిగతాది కూడా చెప్పేశాను. ఎందుకలా చేశానో తెలియదు. స్టాఫ్ రూమ్‌లో కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు. అది కూడా వట్టి బాధ కాదు. ఆయనతో నాకున్న తగువు ఒకటి సగంలో ఆగిపోయింది. ఆయన చేసిన పంపకం న్యాయమా, కాదా? ఇక ఎవరిని అడగాలి?

పంపకం అంటే ఆస్తులు కావు లెండి. రైల్లో ఆయనకు ఎదుటి సీటు.

సార్ బాపట్లలో మా ఇంజనీరింగ్ కాలేజీలో వైర్‌లెస్ పాఠాలు చెప్పేవారు. ఇల్లు తెనాలి. సాయంత్రం పాసింజరులో వెళ్ళేవారు. మాది రేపల్లె దగ్గర పల్లె. నేను కూడా తెనాలి దాకా వెళ్ళి బండి మారాలి. అటు వెళ్ళే విద్యార్థులమంతా ఆయన ఎక్కిన పెట్టెలోనే ఎక్కేవాళ్ళం. కిటికీ పక్కన ఆయన కూర్చునేవారు. సందేహం ఉన్నవాళ్ళు ఎదురుగా కూర్చోవాలి. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్ దాకా ఒకరి వంతు. అప్పికట్ల వచ్చిందంటే లెక్క మధ్యలో ఉన్నా లేవాల్సిందే. క్రాసింగ్ పడి బండి ఆగిపోతే మాత్రం కూర్చున్నవాళ్ళ పంట పండినట్టే.

ఎవరు కూర్చోవాలో ఆయనే చెప్పేవారు. నా అయోమయమంతా అక్కడే.

ముందొచ్చినవాళ్ళకు ముందు అన్న మాటే లేదు. ఒకరోజు మా క్లాసు ఫస్టు కుర్రాడు పుస్తకం తెరిచి సిద్ధంగా నిలబడ్డాడు. సార్ అతన్ని దాటి నా వైపు చూశారు.

"నువ్వు రామ్మా."

"సార్, నేను ముందొచ్చానండి," అన్నాడతను.

"తెలుసయ్యా. ఈ అమ్మాయి పొద్దుట్నుంచి ఏదో అడగాలని చూస్తోంది. రేపటికి ఆ ఊపు ఉండదు. నీకు రేపైనా ఉంటుంది."

నేను గొప్పగా కూర్చున్నాను. రెండు రోజులు కాకుండానే, ఇంకా మంచి ప్రశ్నతో వెళితే, "ఈ వారం నీకు చాలా ఇచ్చానమ్మా, ఆగు," అని వేరేవాళ్ళని పిలిచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మొన్నటిది నా తెలివి చూసి ఇచ్చారా, వెనకబడ్డ పిల్లనని జాలి పడ్డారా? ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అప్పుడు ఆయన క్లాసులో చెబుతున్నది కూడా ఇలాంటి పంపకం గురించే. టవరు ఒకటి, ఫోన్లు బోలెడు. ఒక్కో క్షణం ఒక్కో ఫోన్‌కే డేటా పంపే టవరు అనుకోండి. దగ్గరున్న ఫోన్లకు సిగ్నలు బాగుంటుంది కాబట్టి ఎప్పుడూ వాటికే ఇస్తే పని బోలెడు అవుతుంది, దూరంగా ఉన్నవి ఎండిపోతాయి. అందరికీ సమానంగా వంతులు వేస్తే, సిగ్నలు పడిపోయి ఉన్న ఫోన్‌కి ఇచ్చిన వంతు గాలికి పోతుంది.

నేను సమాన వంతుల పక్షం. మాది కాలవ చివర శివారు పొలం. పైవాళ్ళ చేలు తడిసి మా దాకా నీళ్ళొచ్చేసరికి మా నాన్న సహనం అయిపోయేది. "వంతంటే వంతేనండి. మాది మాకు ఇచ్చి తీరాలి," అని రైల్లోనే వాదించాను.

సార్ నవ్వలేదు. "కాలవలో నీళ్ళే లేని రోజున నీ వంతని తూము ఎత్తితే ఏం పారుతుందమ్మా? మీ వైపు నీళ్ళు కాస్త ఎక్కిన రోజు చూసి ఇవ్వాలి. ఎక్కడమంటే పైవాళ్ళకన్నా ఎక్కువని కాదు, మీకు మామూలుగా వచ్చేదానికన్నా. ఎవరినైనా వాళ్ళతోనే పోల్చి చూడు."

"మరి ఎప్పటికీ ఎక్కకపోతేనండి?"

"వంతు రాక ఎంత కాలమైందో కూడా చూడాలిగా," అన్నారు. ఇంకా ఏదో చెప్పబోయారు. ఇంతలో నిడుబ్రోలు వచ్చేసింది. లేచాను.

ఆయన రోజూ వేరుశెనక్కాయల పొట్లం కొని మా మధ్యకు పంపేవారు. అది చివరివాళ్ళ దగ్గరికి ఖాళీగా చేరేది. మరునాడు చివర్నుంచి మొదలుపెట్టేవారు. ఇంత పట్టింపు ఉన్న మనిషి పక్షపాతం చూపించారని అనలేను. సమానంగా చూశారనీ అనలేను. ఇప్పుడు నా విద్యార్థులకు వంతులు వేసేటప్పుడు కూడా నా చెయ్యి ఆగుతుంది. ఒకటి మాత్రం నిజం. ఆ సీటు లేకపోతే నేను ఈ పాఠం చెప్పే చోటికి వచ్చేదాన్ని కాదు.

పెద్దకర్మ రోజున తెనాలిలో వాళ్ళింటికి వెళ్ళాను. మా బండి జట్టు చాలామంది వచ్చారు. ఫస్టు కుర్రాడు, ఇప్పుడు పొట్ట వచ్చింది, "నన్ను ఎప్పుడూ ఆపేవారు. నేనంటే ఇష్టం లేదేమో అనుకునేవాణ్ణి," అన్నాడు. నామీద జాలి పడ్డారేమో అనుకున్న సంగతీ, టవరు వంతుల మీద ఆయనతో పడ్డ తగువూ నేను చెప్పాను. ఒకరి మాట విని ఒకరం తెల్లబోయాం. అందరం నవ్వాం, కొందరం కళ్ళు తుడుచుకున్నాం.

సార్ భార్య గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా విన్నారు. ఆవిడతో మేమెవరం ఎప్పుడూ రెండు మాటల కన్నా ఎక్కువ మాట్లాడలేదు. జనం పలచబడ్డాక నాకు కాఫీ తెచ్చిచ్చారు.

"ఇంత మాట్లాడేవారా అమ్మా, రైల్లో?"

"దిగేదాకా మాట్లాడేవారండి."

"అదే అనుకుంటున్నా. ఇంటికొచ్చేసరికి గొంతు ఉండేది కాదు. అన్నం తినేసి పడుకునేవారు. అలిసిపోయారు కదా అని నేనూ ఏం కదిపేదాన్ని కాదు."

ఆవిడే మళ్ళీ అడిగారు.

"ఇందాక టవరు వంతులంటున్నారు కదా. అడగని ఫోన్‌కి వంతు వస్తుందా అమ్మా?"

పాఠం చెప్పే అలవాటు. ఆలోచించకుండానే నోటికొచ్చేసింది. "రాదండి. అడగకపోతే దానికి అవసరం లేదనుకుంటుందండి టవరు."

"అనుకుంటుందా," అన్నారావిడ.

అప్పుడు అర్థమైంది ఏమన్నానో. సర్దుకుని ఇంకేదో చెప్పబోయాను. ఆవిడకు కోపం రాలేదు. నా చేతిలో గ్లాసు తీసుకుని, అందులో కాఫీ ఇంకా అలాగే ఉందని చూసి, "చల్లారిపోయిందమ్మా, వేడి చేసి తెస్తానుండు," అని లోపలికి వెళ్ళారు. గిన్నె పొయ్యి మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఎంతసేపటికీ ఆవిడ రాలేదు. తలుపు సందులోంచి చూస్తే కాఫీ పొంగి పొయ్యి మీద పడుతోంది, ఆవిడ దాని ముందే నిలబడి ఉన్నారు.