కదలని డెబ్బై రెండు

ఆఫీసులో ఆమెను అందరూ కంగారక్క అనే పిలుస్తారు. లిఫ్టు ఒక్క క్షణం ఆగినా ఆవిడకు పైప్రాణాలు పైనే పోతాయి. అలాంటి మనిషి చేసే పనేమిటయ్యా అంటే, జబ్బు ముదరకముందే పసిగట్టే చేతిపట్టీలు తయారుచేయడం. గుండె లయ తప్పితే పట్టీ ముందు మణికట్టు మీద మోగుతుంది. కాసేపటికీ సర్దుకోకపోతే ఇంట్లోవాళ్ల ఫోనుకు కబురు పంపుతుంది. కంగారక్క వాళ్లమ్మ ఏ సూచనా లేకుండా, కూర్చున్న కుర్చీలోనే పోయింది. ఆ భయమే ఆమెను ఈ పనిలోకి లాక్కొచ్చింది.

కొత్త పట్టీని మొదట అన్నయ్య చేతికే కట్టింది. అతను దర్జీ. అతని గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఆమె ఫోనులో కనిపిస్తూ ఉండేది. ఆ అంకె కాస్త పెరిగితే చాలు, ఫోను చేసేది.

“అన్నయ్యా, బాగానే ఉన్నావా?”

“మెట్లెక్కానే తల్లీ! నీ పుణ్యమాని కొలతలు తప్పుతున్నాయి. ఇందాక ఓ పెద్దాయన ప్యాంటు కాస్తా నిక్కరైపోయేది.”

పట్టీ కాస్త జారినా అంకె పోయి గీతలొస్తున్నాయని, జనం హడలిపోతున్నారని ఫిర్యాదులొచ్చాయి. హడలిపోవడమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా? పట్టీ చర్మానికి తగలకపోయినా, చివరిసారి గుండె లయ సరిగ్గా ఉన్నప్పటి అంకెనే చూపించేలా తానే మార్చింది. అంతా బాగుందని చెప్పే ఆకుపచ్చ దీపం ఆరదు. మేనేజరు మెచ్చుకున్నాడు. ఆమె కూడా చాలా రోజులకు కంటినిండా నిద్రపోయింది.

ఒక మధ్యాహ్నం టీ తాగుతూ ఫోను చూసింది. అన్నయ్యది డెబ్బై రెండు. ఆకుపచ్చ. హమ్మయ్య అనుకుంది. టీ అయిపోయింది, డెబ్బై రెండే. కప్పు కడుక్కొచ్చి చూసినా అదే. బతికున్న మనిషి గుండె అంత బుద్ధిగా ఉండదు. వెంటనే ఫోను చేసింది.

అన్నయ్య ఫోనెత్తలేదు. వదినకు చేసింది.

“కొట్లోనే ఉన్నారు. మిషను చప్పుడుకి వినపడి ఉండదులే,” అంది వదిన.

“వదినా, నీకు దణ్ణం పెడతా, ఒక్కసారి వెళ్లి చూడవా?”

వదిన నిట్టూర్చి కదిలింది. ఫోనులో చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు, ఆ తర్వాత వదిన కేక వినిపించాయి.

వేళకే తెచ్చారని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాక, ఆమె గోడకు చేరబడి భోరుమంది. లోపలికి వెళ్లేసరికి అన్నయ్య కళ్లు తెరిచి ఉన్నాడు.

“పొద్దున పట్టీ మోగిందే,” అన్నాడు నీరసంగా. “నీకు కబురొస్తే పని మానుకుని పరిగెత్తుకొస్తావని, మోగగానే విప్పి సొరుగులో పడేశా.”

“నాకు డెబ్బై రెండు చూపిస్తూనే ఉంది అన్నయ్యా!”

“మంచిదేగా. కాసేపైనా నిశ్చింతగా ఉన్నావు.”

చెంప ఛెళ్లుమన్నట్టయింది ఆమెకు. అన్నయ్య ప్రేమకొద్దీ దాచాడు. పట్టీకి దాచడం నేర్పింది మాత్రం తనే. ఆ పట్టీ ఇంకా ఎన్ని చేతులకుందో, ఎన్ని సొరుగుల్లో పచ్చగా వెలుగుతోందో తలుచుకునేసరికి అక్కడ నిలవలేకపోయింది. వరండాలోకొచ్చి మేనేజరుకు ఫోను చేసింది.

“సార్, నేను చేసిన మార్పు ఇప్పుడే తీసేయాలి. తెలియనప్పుడు తెలియడం లేదనే చూపించాలి.”

“మళ్లీ జనం భయపడతారు కదమ్మా?”

“పడనివ్వండి సార్,” అంది కంగారక్క.