మట్టి తొక్కకుండా చూసిన ఊరు

తొండియార్‌పేటకు కాపురానికి వచ్చినప్పటినుంచీ మా అమ్మకు దిక్కులు రెండే. ఒకటి సముద్రం పక్క, రెండోది సముద్రం లేని పక్క. గ్రైండరు జరపాలన్నా "కొంచెం సముద్రం పక్కకి నెట్టవే" అంటుంది. ఆ ఇంట్లో పెరిగిన నాకూ అదే అలవాటు. షోళింగనల్లూరులో ఇన్నేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నా ఫోనులో మ్యాపు తెరిస్తే నాకు తల తిరుగుతుంది.

మా ఆఫీసు లక్కీ డ్రాలో నాకు వేడిగాలి బెలూను టిక్కెట్లు రెండు తగిలాయి. మాధవరం దాటి ఉత్తరంగా చాలా దూరం పోయాక పొలాల్లోంచి ఎగరేస్తారు, పాత గోపురాలు, సంతవీధులు పైనుంచి చూడొచ్చు అన్నారు. అమ్మ పుట్టిన సంతవూరు ఆ చుట్టుపక్కలే.

కానీ అమ్మ ఆ ఊరికి పోదు. అమ్మమ్మ కర్మ రోజున మాటా మాటా పెరిగి, మా మామ, అంటే అమ్మ తమ్ముడు, "పెళ్ళై పోయినదానివి, ఈడ నీ పెత్తనమేందక్కా?" అన్నాడు. అమ్మ విస్తరి ముందునుంచి లేచి, "ఇంక ఈ ఊరి మట్టి తొక్కను" అని ఒట్టు పెట్టుకుని బస్సెక్కింది. ఆమె పట్టుదల ఉడుంపట్టు. అక్కాతమ్ముళ్ళు మళ్ళీ మాట్లాడుకోలేదు. ఊరిమీద బెంగ మాత్రం పోలేదు. ఆ వైపు వానపడిందని టీవీలో చెబితే చాలు, వంట వదిలేసి వచ్చి నిలబడేది.

టిక్కెట్ల సంగతి చెప్పగానే అమ్మ అడిగింది. "పైనుంచి చూస్తే తొక్కినట్టు కాదు గదే?"

"నాకు తెలీదమ్మా."

"అంత పెద్ద ఉద్యోగం, ఇది కూడా తెలీదా?" అని నన్నే తిట్టి, పట్టుచీర తీసింది.

మార్గళి నెల పొద్దుటి మంచులో బెలూను లేచింది. నెత్తిమీద మంట బుస్సుమన్నప్పుడల్లా అమ్మ నా జబ్బ గిల్లేది. మంట ఆగితే ఎంత నిశ్శబ్దమంటే, కింద ఎవరో ఆవును అదిలించడం కూడా వినిపించింది. సూర్యుడు ఎక్కడున్నాడో తెలియలేదు. కాసేపటికి మంచు పలచబడి ఒక పక్క గోపురం, ఇంకో పక్క ఇంకో గోపురం కనిపించాయి. రెండూ ఒకేలా ఉన్నాయి. నాకు భయమేసింది. ఇంతదూరం తెచ్చి అమ్మకు తన ఊరేదో చూపించలేకపోతే ఎలా?

"సముద్రం పక్కది మాది" అంది అమ్మ.

చూస్తే ఎడమవైపు గోపురం వెనక నీళ్ళు తళతళమంటున్నాయి. "అదిగోమ్మా, సముద్రం!" అన్నాను. అమ్మ చేతులు జోడించింది. కళ్ళనీళ్ళు ఆగలేదు. "అదే మా సంతవీధి. ఆ మలుపులోనే తమలపాకుల కొట్టు. ఆ రేకుల కింద వంకాయలు పోస్తారు" అని ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించింది. నాకైతే రేకులు తప్ప ఏమీ కనిపించలేదు. ఆమెను చూసి నేనూ ఏడ్చాను.

గాలి మమ్మల్ని రెండో గోపురం వైపుకి తోసింది. అమ్మ ఊరు వెనకబడిపోతుంటే నాకు బాధగా ఉన్నా, ఒట్టుకు ప్రమాదం తప్పిందని నిమ్మళంగా కూడా ఉంది. కోతలైన ఒక మడిలో బుట్ట రెండుసార్లు ఎగిరిపడి ఆగింది. జనం పరుగెత్తుకొచ్చారు. ఇది ఏ ఊరని అరవంలో అడిగాను. ఒకామె చెప్పింది. అది అమ్మ ఊరి పేరే.

"మరి ఆ సముద్రం?" అన్నాను.

"అది ఏరి కదమ్మా" అని అందరూ నవ్వారు. అరవంలో ఏరి అంటే చెరువు; పోయిన వానలకు నిండిందట. సముద్రం మేం దిగిన ఈ వైపే, కనుచూపుకందనంత దూరంలో ఉందట. నా బుర్రలో తూర్పు పడమరైపోయింది.

అమ్మ బుట్ట అంచు పట్టుకుని బిగుసుకుపోయింది. "అయితే నేను ఇందాక ఏడ్చింది ఏ ఊరికే?"

బెలూను నడిపినాయన గుడ్డ మడవాలి, దిగమన్నాడు. అమ్మ దిగనంది. చెప్పులేసుకుని దిగినా తొక్కినట్టేనంది. బుట్ట ఈ ఊళ్ళో ఉంటే ఆమె ఊళ్ళో ఉన్నట్టా, లేనట్టా అన్నది నాకూ తేలలేదు. ఆయన ఒకసారి నన్ను, ఒకసారి అమ్మను చూస్తూ నిలబడ్డాడు.

జనంలో ఎవరో అమ్మను పోల్చుకుని ఫోను చేసినట్టున్నారు. గట్టుమీద బండి ఆపి మామ దిగాడు. జుట్టంతా నెరిసిపోయింది. ఆ నోటినుంచి ఇంకో మాట తప్పుగా వస్తే అమ్మ ఈ జన్మకు ఇటు చూడదు.

మామ బుట్ట దగ్గరికొచ్చి, భుజంమీది తుండుగుడ్డ తీసి, విదిలించి, మడిలో పరిచాడు. "మట్టి తొక్కొద్దులే అక్కా. దీనిమీద దిగు."

అమ్మ ఆ గుడ్డకేసి చూసింది. "మరి రెండో అడుగు యాడ పెట్టేదిరా?"

మామ అటూ ఇటూ చూసి, చొక్కా గుండీలు విప్పబోయాడు.

"చొక్కా ఇప్పొద్దురా, మంచు పడతా ఉండాది" అంది అమ్మ. అతని భుజం పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తుకుని, తుండుగుడ్డ పక్కన మట్టిలో కాలు పెట్టింది.