ఆయన తుపాకి ఎవరికిచ్చారు

బంగ్లాదేశ్ యుద్ధంలో నా భర్త చనిపోయిన రెండేళ్లకు, ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర ఆయన విగ్రహం చేయించాలని మా మామ పట్టుబట్టాడు. అప్పటికి తాలూకా అంతా నా భర్త పేరు చెప్పుకునేది. నేను నంద్యాలలో పంతులమ్మను. ఒక్క గదిలో ఒంటికాపురం. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి ఉన్నది రెండు సెలవులే.

ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి ఆళ్లగడ్డ పోయేదాన్ని. ముఖం బాగానే కుదిరింది. చేతులు మాత్రం రాతిముద్దలుగానే వదిలేశాడు శిల్పి.

"దేవుళ్ల ఆయుధాలకైతే మాకు కొలతలుండాయమ్మా. ఈ తుపాకి నేనెప్పుడూ చూడలా. పట్టుకునేది ఏందో తెలీకుంటే వేళ్లు యాడ వంచేది?" అన్నాడు.

మా దగ్గరున్న ఒక్క ఫోటోలోనూ తుపాకి లేదు. దాంతో మామకు ఆశ పుట్టింది. అంత పేరున్నవాడి తుపాకిని మిలిటరీవాళ్లు భద్రంగా దాచి ఉంటారనీ, అడిగితే ఇంటికి పంపుతారనీ. అది సర్కారు సొత్తని చెప్పినా వినలేదు. ఉత్తరం రాశాను.

ఆ రోజుల్లోనే మా బడి లెక్కల అయ్యవారు, భార్య పోయిన మనిషి, నన్ను చేసుకుంటానని పాస్టరుగారితో అడిగించాడు. అబద్ధమెందుకు, నాకు చాలా ఇష్టం. సాయంత్రం ఇంటికి పోతే పలకరించే మనిషి ఒకరుండాలని ఎంత కోరుకున్నానో! మామ మాత్రం అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"వీరుడి పెండ్లానివి. రేపు విగ్రహం నిలబెడతాండాం. ఊరు ఏమనుకుంటాది?" అన్నాడు.

అంతలో మిలిటరీ నుంచి జవాబు వచ్చింది. ఇంగ్లీషులో నాలుగు వరుసలు. శిల్పి దగ్గరే కూర్చుని మామకు తెలుగులో చెప్పాను. తుపాకి ఇవ్వడానికి వీల్లేదట. దాన్ని శుభ్రం చేసి, సరిచూసి, ఇంకో సైనికుడికి ఇచ్చారట. శిల్పి కోసం అలాంటి తుపాకి ఫోటో ఒకటి జతచేశారు.

మామ ఏడుస్తాడనుకున్నాను. ముఖం వెలిగిపోయింది.

"మంచిపనే చేసినారు. మనిషి పోయినాడని మంచి తుపాకిని మూలన పడేసి తుప్పు పట్టిస్తారా యాడన్నా?"

"మరి నన్నెందుకు పడేస్తాండావ్ మామా?" అన్నాను.

శిల్పి ఉలి ఆపాడు. మామ తువ్వాలతో ముఖం తుడుచుకుని, బస్సుకు టైమైందని లేచాడు. ఆ రోజు గట్టిగా నిలబడి, నేను పెళ్లి చేసుకుంటున్నానని చెప్పేసి ఉండాల్సింది. నోరున్నదాన్నే గానీ ధైర్యం చాల్లేదు. ఆయన వెనకాలే నడిచాను.

విగ్రహం నిలబెట్టిన నాడు నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. లెక్కల అయ్యవారు ఏడాది ఎదురుచూసి, వెలుగోడులో ఉద్యోగం చూసుకున్నాడు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు.

పదేళ్లు దాటాక మామ మంచం పట్టాడు. సెలవు పెట్టి, పక్కనే కూర్చుని గంజి తాపించాను. రెండు గుటకలు మింగి నా చేయి పట్టుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వడిగింది న్యాయమేనమ్మా. ఇప్పుడన్నా చేసుకో," అన్నాడు.

ఎవరినని అడగబుద్ధి కాలేదు. అట్లాగేలే మామా అని, ఇంకో గుక్క తాపించాను.