పదిహేడో నంబరు రక్తం

మాత్ర మింగాడా, నాలుక కింద దాచుకున్నాడా అని తిమ్మప్ప నోట్లో టార్చి వేసి మరీ చూశారు. మింగాడు. మగతనం కోసం జనం చాటుగా కొనుక్కునే మాత్ర అది. దాని కొత్త రకం ఒంట్లో ఎంతసేపు నిలుస్తుందో తేల్చడానికి, రాయదుర్గం అద్దాల మేడల వెనక ఒక పరీక్షా కేంద్రంలో ఇరవై నలుగురు మగవాళ్లు వరసగా పడుకున్నారు. తిమ్మప్పది పదిహేడో నంబరు. పావుగంటకోసారి రక్తం తీస్తారు.

"మాత్ర మనకి, ఫలితం సీసాకి" అన్నాడు పక్క మంచం మీది మధుసూదన్. పోయిన వారమే ఇంకో కేంద్రంలో ఇంకేదో మందు మింగి వచ్చాడతను. అలా వెంటవెంటనే రాకూడదు కాబట్టి ఆ సంగతి తిమ్మప్ప చెవిలో మాత్రమే వేశాడు.

తిమ్మప్పకూ దాపరికం ఉంది. గొంతునొప్పికి భార్య సుబ్బమ్మ మెడికల్ షాపులో తెచ్చిన మాత్రలు నాలుగు రోజులుగా వేసుకుంటూ, ఏ మందూ వాడలేదని సంతకం పెట్టాడు. బాలానగర్‌లో అతను ఇనుప ముక్కలు చెక్కే లేతు యంత్రం నడిపే షెడ్డుకు వారంలో రెండు రోజులే పని. మాత్ర మింగితే డబ్బులిచ్చే ఇక్కడి జాబితాలో పేరు పోతే ఇల్లు గడవదు.

గంట తిరక్కుండానే తల దిమ్మెక్కింది. నర్సు రత్నమాల బీపీ రెండుసార్లు చూసి, వేరే మందేమైనా వేసుకున్నారా అని అడిగింది. లేదన్నాడు. కాసేపటికి గోడ, ఆమె కోటు, తన అరచెయ్యి, అన్నీ నీలంగా కనిపించాయి. వెంట్రుకవాసి తేడాను కంటితో పట్టి బతికే మనిషి. నర్సును కేకేశాడు.

"గొంతునొప్పికి మాత్రలు ఏసుకున్యా మేడం. నా కండ్లు పోతాయా?"

"నిన్న అడిగితే చెప్పలేదేమండి?"

"చెప్తే పంపిచ్చేస్తారు గదా."

డాక్టర్ పార్థసారథి సెలైన్ పెట్టించాడు. ఈ మాత్రను కాలేయం కొంచెం కొంచెంగా విరగ్గొట్టి బయటికి పంపుతుందట. గొంతు మాత్ర ఆ పనికి అడ్డం పడిందట. అందుకే ఇది రక్తంలో పేరుకుపోయిందట. తిమ్మప్పకు ఠక్కున అర్థమైంది. లేతుకు ఒక ముక్క బిగించి ఉండగా రెండోది ఎక్కదు, పక్కన కుప్ప పడుతుంది. సాయంత్రానికి దిగిపోతుంది, కళ్లకేం కాదన్నాడు డాక్టరు. అదే గొంతుతో పదిహేడో నంబరు సీసాలు పక్కన పెట్టమనీ, మనిషి పేరు జాబితాలోంచి కొట్టేయమనీ చెప్పాడు.

ఇంకెవరైనా ఏమైనా దాచారా అని రత్నమాల మంచం మంచానికీ తిరిగి అడిగింది. ఒక్కొక్కరే లేదన్నారు. మధుసూదన్ ఆమె అడగక ముందే లేదని తలూపి, రక్తానికి చెయ్యి చాచాడు.

తిమ్మప్ప అతని పోయిన వారం సంగతి బయటపెట్టలేదు. అతనికి మధుసూదన్ ముఖం ఇంకా నీలంగానే కనిపిస్తోంది.